గొర్రెల సూదిమందుకు వన్యప్రాణుల గ్రాంటు

నేను చేసిన ఉద్యోగం ఏమిటో మా బంధువుల్లో ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదు. ఒక ప్రైవేటు ఫౌండేషన్‌లో ప్రోగ్రాం ఆఫీసరుని. నేలనూ, అడవి జంతువులనూ, పిట్టలనూ కాపాడే స్వచ్ఛంద సంస్థలకు మా ఫౌండేషన్ గ్రాంట్లు ఇస్తుంది. ఎవరికి ఇవ్వవచ్చో, ఎవరికి ఇవ్వకూడదో ఊరూరూ తిరిగి చూసి చెప్పడం నా పని. కర్నూలు, కడప జిల్లాలు నావి. ఆదోనిలో ఉండే మా పిన్నమ్మకు ఒకసారి ఇదంతా విడమరిచి చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, "అయితే దుడ్లు పంచే పని. మా వీధి మసీదు గోడ కూలిపోతాండాది, దానికి రోంత ఇప్పీరాదా మస్తానూ?" అంది.

"ఆ దుడ్లు పిట్టలకు పిన్నమ్మా, గోడలకు కాదు."

"గోడ మింద పావురాలు ఉండాయి కదప్పా!"

ఆ తర్వాత నా ఉద్యోగ జీవితమంతా ఇటువంటి దరఖాస్తులే చదివాను. పావురాలను చూపించి గోడ కట్టించుకోవాలనుకునే వాళ్ళు కొందరు. నిజంగా పావురాల కోసమే గోడ అడిగితే మేమే నమ్మని సందర్భాలు కొన్ని. కొత్తగా ఈ పనిలో చేరుతున్న పిల్లలు ఇద్దరు ముగ్గురు నన్ను రాయమన్నారు. ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఏ ఫారం ఎట్లా నింపాలి అనేవి ఆఫీసులోనే తెలుస్తాయి. నేను రాయదలచుకున్నది ఒక బీడు సంగతి.

పరుపుల అంగడి ఎదుట

మాది దూదేకుల కుటుంబం. కర్నూలులో మా నాయన పరుపులు కుట్టే అంగడికి ఎదురుగా శాఖా గ్రంథాలయం ఉండేది. దూది దుమ్ముకు నాకు ఆగకుండా దగ్గు వచ్చేది. "పోయి ఆడ కూచోపో" అని నాయన నన్ను రోడ్డు దాటించేవాడు. నా చదువు అక్కడ మొదలైంది. డిగ్రీ కామర్సులో చేశాను కానీ, బుద్ధి పెట్టి చదివింది మాత్రం ఆ గ్రంథాలయంలోనే. నేలల రకాలు, గడ్డి జాతులు, పిట్టలు, పాత జిల్లా వర్ణనలు, దొరికినవన్నీ చదివాను. అవి మరెవరూ తీసుకోని పుస్తకాలు కాబట్టి గ్రంథపాలకుడు నన్ను గడువు అడిగేవాడు కాదు. కొంచెం గర్వంగానే చెబుతున్నాను, ఫౌండేషన్‌లో నాతో పనిచేసిన వాళ్ళకు పెద్ద పెద్ద డిగ్రీలు ఉండేవి. నాకు లైబ్రరీ కార్డు ఉండేది. వాదనకు దిగితే దానితోనే నెట్టుకొచ్చాను.

ఆ చదువు వల్ల నాకు పట్టుబడిన సంగతి ఇది. రికార్డులో బంజరు అని రాసినంత మాత్రాన నేల ఖాళీగా ఉన్నట్టు కాదు. మన సీమలో ముళ్ళ పొదలు, గులకరాళ్ళు, వాన పడితే తప్ప కనిపించని గడ్డి ఉన్న నేలలు ఎన్నో ఉన్నాయి. అక్కడ బతికే జీవాలు చెట్ల కింద బతకలేవు. కర్నూలు వైపు ఒక గడ్డి మైదానంలో మొక్కలు నాటడానికి మా ఫౌండేషన్ గ్రాంటు ఇచ్చింది. ట్యాంకర్లతో నీళ్ళు పోసి ఆ మొక్కలను బతికించారు. చెట్లయ్యాయి. కాకులకూ గద్దలకూ కూర్చోను కొమ్మలు దొరికాయి. నేల మీద గుడ్లు పెట్టే పిట్టలు ఆ చోటు వదిలిపెట్టాయి. మా వార్షిక నివేదికలో మాత్రం ఆ పచ్చటి ఫోటోయే అట్ట మీదికెక్కింది. ఆ సంస్థ వాళ్ళు మోసగాళ్ళు కారు. మేము అడిగింది చేశారు. తప్పు అడిగిన దాంట్లో ఉంది.

మూర్తిగారు

నా పై అధికారి మూర్తిగారు కోస్తా మనిషి. అంతకుముందు కాలువలూ వంతెనలూ కట్టించిన ఇంజినీరు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నవి ఇప్పటికీ నాకు అక్కరకొస్తాయి. సంస్థ ఆఫీసుకు ముందు పోవద్దు, నేల దగ్గరికి ముందు పొమ్మనేవాడు. ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని ఫోటోలు చూశాక, కళ్ళు ఆ ఫోటోల్లో ఉన్నదే వెతుకుతాయట. గ్రాంటు తీసుకునే వాళ్ళ ఇంట్లో చెయ్యి కడగవద్దు అనేది ఆయన రెండో నియమం. "భోజనం పెట్టిన మనిషికి వద్దని చెప్పడం కష్టం మస్తాన్. మన క్యారియరు మనమే మోసుకుపోదాం" అనేవాడు. ఎన్ని ఊళ్ళలో ఎంతమంది పిలిచారో! నేను మాత్రం ఏ చెట్టు నీడనో కూర్చుని మా ఇంటి అన్నమే తినేవాణ్ని. వాళ్ళు నొచ్చుకునేవాళ్ళు. అయినా ఆ నియమం మంచిదే. కొత్తవాళ్ళు కూడా పాటించండి.

ఆయన బలహీనత కంచె. కట్టినది కంటికి కనిపించాలి, చెయ్యి పెట్టి చూస్తే గట్టిగా తగలాలి. పాతిన రాతి కూసాలు వరసగా కనిపిస్తే ఆయన ముఖం విప్పారేది. జీవితమంతా కట్టడాలు కట్టిన మనిషికి అది సహజం. బోర్డులో కూర్చున్న వాళ్ళకూ కంచె అయితే సులభంగా అర్థమవుతుంది. ఇన్ని ఎకరాలకు కంచె వేశాం అంటే ఎవరూ మళ్ళీ ప్రశ్న వేయరు.

రమణమ్మ బీడు

బద్వేలుకు అవతల, కొండ పాదం దగ్గర ఒక ఊళ్ళో రమణమ్మ ఒక చిన్న సంస్థ నడిపేది. బడిలో టీచరుగా చేసి, ఆ పని మానుకుని దీనిలోకి వచ్చింది. సంస్థ అంటే ఆమె, అంతకుముందు ట్యూషన్లు చెప్పుకున్న ఒకాయన, ఆమె ఆడబిడ్డ. అంతే. ఊరికీ కొండకూ మధ్య కలివి, రేణి, తుమ్మ పొదలతో ఒక బీడు ఉంది. ప్రభుత్వ భూమి కాదు. ఓబుల్ రెడ్డి అనే రైతుదీ, ఆయన దాయాదులదీ పట్టా నేల. కలివికోడి అనే పిట్ట మన కడప జిల్లాలో ఇటువంటి పొదల్లోనే బతుకుతుంది. పగలు కదలదు. ఇక లేదని లోకమంతా ఒకప్పుడు తేల్చేసిన పిట్ట. ఆ బీట్లో అది ఉందో లేదో రమణమ్మా చూడలేదు, నేనూ చూడలేదు. ఉండదగిన చోటు మాత్రం అదే. బీడు పోతే ఆ ప్రశ్న కూడా ఉండదు.

దాన్ని నిలపడానికి రమణమ్మ పట్టుకున్న దారి గొర్రెల మంద. మా వైపు పద్ధతి తెలియని వాళ్ళ కోసం చెబుతాను. ఎండాకాలంలో కాపరులు పగలంతా గొర్రెలను బీళ్ళలో మేపి, రాత్రికి ఏదో ఒక రైతు చేలో మంద కడతారు. తెల్లారేసరికి ఆ చేనికి ఎరువు. రైతు కాపరికి గింజలిస్తాడు. వానలకు ముందు తన చేలో మంద కట్టించుకోవడానికి రైతులు పోటీ పడతారు. రమణమ్మ కాపరి గంగన్నతో, ఓబుల్ రెడ్డితో కూర్చుని ఒక ఒప్పందం కుదిర్చింది. బీడు పెరక్కుండా ఉంచిన వాళ్ళ చేలో మంద ముందుగా కడతారు. బీడు ఉంటే గొర్రెకు మేత, గొర్రె వస్తే చేనికి ఎరువు. గొర్రె కొరుకుతూ ఉంటే పొదకూ పొదకూ మధ్య నేల తెరిపిగా ఉంటుంది. ఆ పిట్ట తిరగడానికి అటువంటి తెరిపే కావాలి.

గంగన్న మంద అంతకుముందు నెల్లూరు వైపు పోయేది. దారిలో నీలి నాలుక రోగం తగిలి గొర్రెలు చచ్చాయి. ఇటు రావాలంటే మందులూ నీళ్ళూ కావాలన్నాడు. అందుకని రమణమ్మ మా గ్రాంటుతో బద్వేలు నుంచి పశువుల డాక్టరును పిలిపించి గొర్రెలకు సూదులు వేయించింది, నట్టల మందు తాగించింది, ఒక కుంట పూడిక తీయించింది. రెండేళ్ళు చిన్న గ్రాంటు ఇచ్చాం. నేనే సిఫారసు చేశాను. మూడో ఏడు పెద్ద గ్రాంటు ఇద్దామని మూర్తిగారు స్వయంగా చూడటానికి వచ్చాడు.

బీట్లో మాటలు

ఆయన నియమం ప్రకారం నేరుగా బీడు దగ్గరికే పోయాం. రమణమ్మ, ఓబుల్ రెడ్డి, గంగన్న అక్కడే ఉన్నారు. గొర్రెలు పొదల మధ్య మేస్తున్నాయి. మూర్తిగారు కాసేపు నిలబడి చూశాడు.

"ఇంత మంచి చోట గొర్రెలేమిటమ్మా?" అన్నాడు. "చుట్టూ రాతి కూసాలు పాతి ఇనుప కంచె వేద్దాం. గొర్రె లోపలికి రాకూడదు. కొన్నేళ్ళకు అడవి అవుతుంది."

"అడవి అయితే మాకు పనికిరాదు సార్," అంది రమణమ్మ. "ఇది ఇట్లే ఉండాల. గొర్రెలు మేయకపోతే కంప మూసుకపోతాది."

"వన్యప్రాణుల డబ్బుతో గొర్రెలకు సూదిమందు వేయిస్తున్నామని నేను బోర్డులో ఎలా చెప్పను?"

గంగన్న చేతికర్ర మీద గడ్డం ఆనించి, "పిట్టలకే సూదులు ఎయ్యల్లంటే ముందు అవి దొరకల్ల గదా సార్. ఆ పని మాతో కాదు" అన్నాడు. రమణమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. మూర్తిగారు కూడా నవ్వాడు. మనిషి మంచివాడు.

ఓబుల్ రెడ్డి నవ్వలేదు. "సారూ, ఒగ మాట అడుగుతా. కంచె ఏస్తే గొర్రెలు రావు. గొర్రెలు రాకుంటే నా చేనికి ఎరువు లేదు. ఆ పొద్దు ఈ కంపలు పెట్టుకొని నేనేం జేసుకోవాల? జేసీబీ పిలిపిచ్చి పెరికిచ్చి చీనీ చెట్లు పెట్టుకుంటా. మా తమ్ముడు బోరు పాయింటు గూడా చూపిచ్చినాడు."

"ఊరికే కాదండీ. కంచె వేయనిచ్చినందుకు మీకు ఏటేటా కౌలు ఇస్తాం."

"ఎన్నేండ్లు ఇస్తారు లెక్క?" మా కర్నూలు పడమట దుడ్లు అన్నదాన్ని కడపలో లెక్క అంటారు, బత్తాయిని చీనీ అన్నట్టే.

"మూడేళ్ళు."

"నాలుగో ఏడు?"

మూర్తిగారు నా వైపు చూశాడు. మా ఫౌండేషన్‌లో ఏ గ్రాంటూ మూడేళ్ళు దాటదు. "నాలుగో ఏడు సంగతి అప్పుడు చూద్దాం" అన్నాడు.

"చీనీ చెట్టు నాలుగో ఏడే కాపుకొచ్చేది సారూ," అన్నాడు ఓబుల్ రెడ్డి.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఏ దరఖాస్తు చదివినా నాలుగో ఏడు ఏమవుతుందని ముందు అడగండి. మేము ఇచ్చేది మూడేళ్ళకు. ఆ ఊరివాళ్ళు అక్కడ ఉండేది జీవితాంతం.

వద్దన్న గ్రాంటు

కడపకు తిరిగివచ్చాక నేను మూర్తిగారితో వాదించాను. లైబ్రరీ నుంచి రెండు పుస్తకాలు తెచ్చి బల్ల మీద పెట్టాను. ఇటువంటి పొదల నేలలో మితంగా మేపితేనే తెరిపి నిలుస్తుందని వాటిలో ఉంది. ఆయన ఆ పేజీలు చదివాడు. తోసిపుచ్చలేదు.

"నువ్వు చెప్పేది నిజమే కావచ్చు మస్తాన్. కానీ రేపు వేరే కాపరి వేరే మందతో వస్తాడు. ఇంకో రైతు వేరే పంట పెడతాడు. ఒప్పందం అంటే నోటి మాట. కంచె అయితే నిలబడి ఉంటుంది."

"కంచె నిలబడుతుంది సార్. లోపల బీడు నిలబడదు."

"బోర్డు కంచెనే అడుగుతుంది."

ఆయన భయం కూడా వట్టిది కాదు. నోటి మాట మీద నడిచి మధ్యలో కూలిన పనులు మేమిద్దరం చాలా చూశాం. నా అభిప్రాయం నేను రాశాను, ఆయనది ఆయన రాశాడు. బోర్డు ఆయన వైపు మొగ్గింది. కంచెతో అయితే పెద్ద గ్రాంటు, లేకపోతే ఏమీ లేదు. ఆ మాట రమణమ్మకు ఫోను చేసి చెప్పాల్సింది నేనే.

ఆమె "వద్దులే అన్నా" అంది.

"తొందరపడొద్దు రమణమ్మా. ఆలోచించుకుని చెప్పు. మీ ట్యూషన్ల పంతులు జీతం ఏం కావాల?"

"ఆయప్ప మళ్ళా ట్యూషన్లు చెప్పుకుంటాడు. మా ఆడబిడ్డ యాడికీ పోదు, పొమ్మన్నా పోదు." నవ్వింది కానీ ఆ నవ్వు ఎక్కువసేపు లేదు. "నా భయం గంగన్నదే అన్నా. వానలకు ముందు మంద రావల్ల. సూదులు లేవని అతను నెల్లూరు దావ పడితే ఓబుల్ రెడ్డన్న ఆగడు. జేసీబీ ఒక్క పూటలో చదును చేసి పెడతాది."

"అట్లాంటప్పుడు కంచె అయినా ఒప్పుకోవచ్చు కదా?"

"కంచె ఒప్పుకుంటే రెడ్డి పెరకడానికి మనమే సాకు ఇచ్చినట్టు. ఈ రకంగా అయితే రోంతన్నా ఆశ ఉండాది."

వద్దని చెప్పిన సంస్థలు నాకు తెలిసి మరి లేవు. పెద్ద గ్రాంటు వస్తుందంటే జింకల సంస్థ తాబేళ్ళ సంస్థ అయిపోవడం నేను చూశాను. అది వాళ్ళ దురాశ అని ఉద్యోగం కొత్తలో అనుకునేవాణ్ని. తర్వాత తెలిసింది, నెల తిరిగేసరికి జీతాలు ఇవ్వాల్సిన మనిషికి వద్దు అనే మాట నోరు దాటదు. రమణమ్మకు దాటింది. ఆమె పని ఎంతటిదో నాకు ఆ ఫోనులో తెలిసినట్టు రెండేళ్ళ రిపోర్టుల్లో తెలియలేదు.

వానలకు ముందు

ఫైలు మూసేశాం. మూసిన ఫైలు తాలూకు ఊరికి ఆఫీసు బండి ఇవ్వరు. నేను సెలవు పెట్టి, బద్వేలు దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో పోయాను. మొదట నేల దగ్గరికే నడిచాను. వంక దాటుతుండగానే పసుపు పచ్చ జేసీబీ కనిపించింది. దాని వెనక పెరికేసిన కంప పెద్ద కుప్పగా పడి ఉంది. ఎర్రటి మన్ను బయటపడి ఉంది. ఆ కుప్ప పక్కనే కూర్చుండిపోయాను.

"ఏం సారూ, ఆడ కూచున్నావు? అది మాది కాదు, మా తమ్మునిది!" అని కేక వినిపించింది. ఓబుల్ రెడ్డి గట్టు మీద నిలబడి ఉన్నాడు. నేను లేచి ఆయన దగ్గరికి పోయి చూస్తే, జేసీబీ పెరికింది వంక పక్క ముక్క మాత్రమే. దాని అవతల బీడు బీడులాగే ఉంది. గొర్రెలు అందులోంచి వరసగా దిగి ఓబుల్ రెడ్డి చేలోకి వస్తున్నాయి. పొద్దు వాలుతోంది. గంగన్న మంద చుట్టూ తడికెలు నిలబెడుతున్నాడు.

"మందులు ఎట్లా?" అని అడిగాను.

"మేమే తలా రోంత ఏసుకున్యాం," అన్నాడు ఓబుల్ రెడ్డి. "రమణమ్మ మా ఇండ్ల చుట్టూ తిరిగి తిరిగి పానం తీసింది. డాక్టరును తనే పిలుచుకొచ్చింది. మీ లెక్క వచ్చేటప్పుడు మేమెవురూ జోబీలో చెయ్యి పెట్టలేదు. ఎవురు పెడతారు సారూ?"

"మీ తమ్ముడు?"

ఆ మాటకు గంగన్న తడికె పట్టుకునే జవాబు చెప్పాడు. "ఆయన బీడు పెరికిచ్చినాడు. వచ్చి, 'గంగన్నా, నా చేలో గూడా మంద కట్టు, గింజలు ఎక్కువ ఇస్తా' అన్యాడు. కట్టం అన్యాం. మా కాపరులందరం కూచొని ఆ మాట అనుకున్యాం. బీడు పెరికినోళ్ళ చేలో ఎవురూ మంద కట్టగూడదని. ఈ పొద్దు గింజలకు ఆశపడితే వచ్చే ఏడు మా గొర్రెలు యాడ మేసేది?"

"మా వాడు ఎరువు మూటలు తెచ్చుకుంటాండాడు," అన్నాడు ఓబుల్ రెడ్డి. "నా మింద కోపం. పలకడు."

మూర్తిగారికి ఫోటో ఒకటి తీసుకుపోయి చూపించాను. పొదలు, రాళ్ళు, మధ్యలో ఒట్టి నేల. "ఇందులో ఏముంది మస్తాన్?" అని అడిగాడు. "ఏమీ మారలేదు సార్. ఉన్నది ఉన్నట్టే ఉంది" అన్నాను. చాలాసేపు చూసి తిరిగి ఇచ్చాడు. తాను అన్నది పొరపాటని ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు. మరుసటి ఏడు నుంచి మాత్రం, ఎక్కడ కంచె అడిగినా అక్కడ మేపుకునే వాళ్ళతో ముందు మాట్లాడి రావాలని నియమం పెట్టాడు. నాకు అది చాలు.

క్యారియరు

రిటైరయ్యాక కూడా ఎండాకాలం చివర ఒకసారి అటు పోయి వస్తుంటాను. మొదటిసారి పోయినప్పుడు పాత అలవాటు కొద్దీ క్యారియరు కట్టుకుని పోయాను. ముందు బీడంతా తిరిగాను. వంక పక్క చీనీ మొక్కలు లేచాయి. రెడ్డి తమ్ముడు బోరుకు నీళ్ళు చాలక ట్యాంకరు తోలిస్తున్నాడు. మిగిలిన బీడు అట్లాగే ఉంది. మధ్యాహ్నం గట్టు మీద, ఓబుల్ రెడ్డి చేని దగ్గర కూర్చుని క్యారియరు చేతిలోకి తీసుకున్నాను.

"ఏం సారూ, మళ్ళా లెక్క తెచ్చినావా?" అన్నాడు ఓబుల్ రెడ్డి దగ్గరికొచ్చి.

"లేదప్పా. రిటైరైనా. ఇప్పుడు నా చేతిలో ఏమీ లేదు."

"ఏమీ లేదు గదా?"

"లేదు."

"అట్లైతే అది మూసి పక్కన పెట్టు. ఇన్నేండ్లూ మా ఇంటి కాడికొచ్చి, చెట్టు కింద కూచొని తిని పోయినావు. మా ఇంటామె నిన్ను ఎన్ని మాటలు అనిందో నీకు తెల్దు."

గంగన్న, రమణమ్మ కూడా వచ్చారు. రెడ్డి భార్య సంగటి, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టింది. నేను చెయ్యి కడుక్కున్నాను.

"పిట్ట కనపడిందా సార్?" అన్నాడు గంగన్న నోట్లో ముద్దతోనే.

"లేదు గంగన్నా. నీకు?"

"ఊహూ. ఉంటే ఉండనీలే."

సాయంత్రం బద్వేలులో ఇంటికి బస్సు ఎక్కాను. ఇంట్లో క్యారియరు దించితే మా ఆవిడ మూత తీసి చూసి, ఒంట్లో బాగాలేదా అని అడిగింది.